మన తీరంలో ఎన్ని లోకాలు!

(ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఆగస్టు 9 మన పండుగ. 1982లో ఇదే రోజున ఆదివాసుల హక్కుల గురించి మాట్లాడే ఐక్యరాజ్య సమితి బృందం మొదటిసారి కూర్చుంది. ఆ గుర్తుగానే ప్రపంచమంతా ఈ రోజును జరుపుకుంటోంది. ఆటలూ పాటలూ ఎలాగూ ఉన్నాయి. ఈ కాసేపు మాత్రం ప్రపంచంలోని జీవవైవిధ్యం గురించి, అందులో మన నెల్లూరు తీరం వంతు గురించి, ఆ వంతులో మన యానాదుల పాలు గురించి మాట్లాడుకుందాం.

మన పిల్లలను సింహం ఎక్కడుంటుందని అడిగితే ఆఫ్రికా అంటారు, గిర్ అడవులంటారు. పెంగ్విన్ ఎక్కడుంటుందో కూడా చెబుతారు. మంచిదే. కానీ పులికాటు గట్టు మీద నిలబెట్టి ఎదురుగా ఉన్న నాలుగు రకాల కొంగల పేర్లు చెప్పమంటే తడబడతారు. మన అవ్వలు ఒక్క చూపుతో చెప్పేవారు. ఈ తేడా గురించే మన మాట.

ఒక్కో చోట ఒక్కో లోకం ఎందుకు?

భూమి మీద అన్ని చోట్లా ఒకే రకం చెట్లూ జంతువులూ ఉండవు. ఎండ ఎంత, వాన ఎంత, నేల ఎలాంటిది, నీటిలో ఉప్పు ఎంత అన్న లెక్కను బట్టి ఎక్కడికక్కడ ఒక లోకం ఏర్పడుతుంది. ఏడాది పొడుగునా వాన కురిసే అమెజాన్‌లో చెట్ల మీద చెట్లు మొలుస్తాయి. ఎడారిలో మొక్కలు ఆకులను ముళ్ళుగా మార్చుకుని, కాండంలో నీళ్ళు దాచుకుంటాయి. వెచ్చని లోతులేని సముద్రంలో పగడపు దిబ్బలు పెరుగుతాయి. చలి దేశాల్లో మంచు కరిగే నాలుగు నెలల్లోనే పక్షులు గుడ్లు పెట్టి, పిల్లలను పెంచి, దక్షిణానికి బయలుదేరతాయి.

ఎక్కువ రకాల జీవులుండి, ఎక్కువ ప్రమాదంలో ఉన్న ప్రాంతాలను శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గుర్తించారు. ప్రపంచంలో అలాంటివి 36 ఉన్నాయి. వాటిలో నాలుగు మన దేశాన్ని తాకుతాయి. హిమాలయాలు ఒకటి, పశ్చిమ కనుమలు ఇంకొకటి, ఈశాన్య రాష్ట్రాల వైపు బర్మా ప్రాంతం మరొకటి, నికోబార్ దీవులు కలిసిన సుందాలాండ్ నాలుగోది. ఆ పటంలో మన నెల్లూరు తీరం లేదు.

అంతమాత్రాన మనది ఖాళీ నేల కాదు. సముద్రపు ఒడ్డున బయలుదేరి పడమరకు ఒక్క రోజు నడిస్తే అయిదారు లోకాలు దాటతాం. ఇసుక దిబ్బ, ఉప్పు సరస్సు, మడ, ఎండుసీమ అడవి, చెరువు, వరి మడి. అంత కొద్ది దూరంలో అన్ని లోకాలు చాలా చోట్ల దొరకవు. మన పూర్వీకులు బతికింది వీటన్నిటి మధ్యే. ఒక కాలంలో ఒకచోట తిండి లేకపోతే పక్క లోకంలో దొరికేది.

ఇసుకలో తీపి నీళ్ళు

ఒడ్డు నుంచే మొదలుపెడదాం. ఎర్రటి ఎండలో కాలు పెట్టలేని ఆ ఇసుకలో కూడా మొక్కలున్నాయి. గుండ్రటి ముళ్ళ బంతిలా గాలికి దొర్లుతూ పోయే రావణాసురుడి మీసాలు చూసే ఉంటారు. మేక గిట్టలాంటి ఆకులతో, ఊదా పూలతో నేలంతా పాకే తీగ మరొకటి. ఇవి లేకపోతే ఇసుక నిలవదు, దిబ్బ ఏర్పడదు. దిబ్బ లేకపోతే ఉప్పెన నీళ్ళను ఆపేదేమీ ఉండదు.

దిబ్బ చేసే మేలు ఇంకొకటి ఉంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటి మీద తేలుతూ పలుచటి పొరగా నిలుస్తుంది. తీపి నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి అలా నిలవగలుగుతుంది. దొరువు తవ్వి మన వాళ్ళు తాగింది, నారుకు పోసింది ఆ నీళ్ళే. దొరువు లోతుగా తవ్వకూడదని పెద్దలు ఎందుకు చెప్పారో ఇప్పుడు తెలిసిందిగా. లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. బోర్లు వేసి పొర మొత్తం తోడేస్తే జరిగేదీ అదే.

సంక్రాంతి తర్వాత రాత్రిపూట సముద్రపు తాబేళ్ళు ఇదే ఇసుకలోకి వచ్చి గుడ్లు పెడతాయి. వాటిని ఆలివ్ రిడ్లీ అంటారు. ఒడిశాలోని గహిర్మాత, రుషికుల్య తీరాల్లో లక్షల్లో వచ్చే తాబేళ్ళు కూడా ఈ జాతివే. వీటిలో ఒక వింత ఉంది. గుడ్డులోంచి వచ్చేది ఆడదా మగదా అన్నది ఇసుక వేడే నిర్ణయిస్తుంది. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి. భూమి వేడెక్కిపోతే ఆ జాతికి ఏం జరుగుతుందో మీరే ఊహించండి.

ఉప్పూ తీపీ కలిసే పులికాటు

దేశంలో చిల్కా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాటు. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, కొంత తమిళనాడులో ఉంది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేట వైపు తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద గీత మారినా నీళ్ళూ పక్షులూ మన బంధువులూ అక్కడే ఉన్నారు.

ఒకవైపు కాళంగి, ఆరణి లాంటి ఏర్ల నుంచి తీపి నీళ్ళు, మరోవైపు ముఖద్వారాల నుంచి సముద్రపు నీళ్ళు వచ్చి ఇక్కడ కలుస్తాయి. వానల్లో ఉప్పు తగ్గుతుంది, ఎండల్లో పెరుగుతుంది. ఈ మార్పే సరస్సుకు ప్రాణం. రొయ్యనే తీసుకోండి. తల్లి రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. పిల్లలు ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, లోతులేని నీళ్ళలో తిని పెరిగి, పెద్దయ్యాక మళ్ళీ సముద్రానికి పోతాయి. అంటే రొయ్యకు రెండు ఇళ్ళు, మధ్యలో ఒక్కటే వాకిలి. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర ఇసుక పేరుకుని ఆ వాకిలి మూసుకుపోతే, మోకాటి లోతు నీళ్ళలో చేతులతో తడిమి రొయ్యలు పట్టే మన ఆడవాళ్ళ బుట్టలోకి ఏమీ రాదు. ముఖద్వారం పూడిక తీయాలని అడిగేది పడవలున్న వాళ్ళ కోసమే అనుకుంటారు. పడవ లేని వాళ్ళకే అది ఇంకా ఎక్కువ అవసరం.

చలికాలంలో వచ్చే రాజహంసలను, అంటే ఫ్లెమింగోలను, చూడటానికి దేశం నలుమూలల నుంచి జనం వస్తారు. సూళ్ళూరుపేటలో పండుగ కూడా చేస్తారు. తలకిందులుగా ముక్కు ముంచి, నీళ్ళను జల్లెడ పట్టినట్టు వడకట్టి, నాచునూ చిన్న పురుగులనూ అది తింటుంది. ఆ తిండిలోని రంగే ఈకల్లోకి వచ్చి గులాబీ అవుతుంది. మన దగ్గరికి వచ్చే జాతే గుజరాత్‌లోని కచ్ రణ్‌లో గూళ్ళు కట్టుకుంటుంది. ఫ్రాన్సు దక్షిణాన కామార్గ్ అనే ఉప్పు మడుగుల్లోనూ అదే జాతి ఉంది. ఎక్కడున్నా దానికి కావలసింది ఒక్కటే, లోతు తక్కువ ఉన్న ఉప్పు నీరు. ఆర్కిటిక్ మహాసముద్రం నుంచి హిందూ మహాసముద్రం దాకా వలస పక్షులు తిరిగే ఆకాశ మార్గం సుమారు 30 దేశాల మీదుగా సాగుతుంది. దారిలో ఒక్క మజిలీ ఎండిపోయినా ప్రయాణం చెడుతుంది. మన పులికాటు అలాంటి మజిలీ.

గట్టు మీద ఎర్రెర్రగా పరుచుకునే ఇలకూరను మాత్రం ఫొటోలు తీసుకునేవాళ్ళు పట్టించుకోరు. ఉప్పు నేలలో బతికే మొక్క అది. ఉప్పు వేయకుండానే కూర వండుకోవచ్చని మన ఇళ్ళల్లో తెలుసు. సముద్ర మట్టం పెరిగి నేలలు ఉప్పుబారుతున్న ఈ రోజుల్లో ఇలాంటి మొక్కలను పెద్ద పెద్ద దేశాల్లో పరిశోధిస్తున్నారు.

నేలపట్టు కొంగలు

సరస్సుకు పడమరగా నేలపట్టు. చెరువు నీళ్ళలో నిలబడే నీటి కడప చెట్లు అక్కడి గొప్ప. వాటి మొదళ్ళు నెలల తరబడి నీళ్ళలో నానినా కుళ్ళవు. చుట్టూ నీళ్ళుంటే పిల్లి, నక్క గూటి దాకా రాలేవు కాబట్టి గూడబాతులు ఆ కొమ్మలనే ఎంచుకున్నాయి. 1976 నుంచి అది రక్షిత కేంద్రం.

ఒకే చెట్టు మీద ఎన్ని వృత్తులవాళ్ళున్నారో చూడండి. గూడబాతు గొంతు సంచితో చేపను నీళ్ళతో సహా ఎత్తుతుంది. నత్తగుల్ల కొంగ ముక్కు మధ్యలో సందు ఉంటుంది, అది నత్తను పట్టుకోవడానికి. తెడ్డుమూతి కొంగ బురదను అటూ ఇటూ కలియబెడుతుంది. నీటికాకి మునిగి వేటాడుతుంది. తిండి వేరు, పనిముట్టు వేరు, అందుకే పోటీ లేకుండా పక్కపక్కనే కాపురం చేస్తాయి. జీవవైవిధ్యం అన్న పెద్ద మాటకు ఇంతకంటే మంచి పాఠం పుస్తకంలో దొరకదు. రెట్ట పడిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువని అక్కడి రైతులకు తెలుసు. ఆ పిట్టలను చుట్టుపక్కల ఊళ్ళు కాపాడుకోవడానికి అదీ ఒక కారణం.

శ్రీహరికోట అడవి

శ్రీహరికోట అనగానే రాకెట్ గుర్తొస్తుంది. 1969లో ఆ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్ ఎగిరింది. దేశంతో పాటు మనమూ గర్వపడతాం. అంతకుముందు ఎన్నో తరాల నుంచి ఆ దీవి మన వాళ్ళ ఇల్లు అన్నది కూడా మీరు గుర్తుంచుకోవాలి.

అక్కడి అడవి ప్రత్యేకమైనది. వాన తక్కువే, అయినా ఆకు రాల్చదు. ఆకులు చిన్నవి, దళసరివి. పాలచెట్టు, నేరేడు, బలుసు, కలివి, వెలగ, ముష్టి, సుగంధిపాల ఉంటాయి. ఇలాంటి అడవి మన దేశంలో కోరమాండల్ తీరం వెంట సన్నటి పట్టీగానే ఉంది, సముద్రం దాటితే శ్రీలంకలో కొంత ఉంది. ఊళ్ళూ తోటలూ పెరిగి చాలావరకు పోయింది. మిగిలిన పెద్ద ముక్కల్లో ఒకటి శ్రీహరికోటలో ఉంది. కంచె వేసి కాపలా పెట్టినందువల్ల అడవి మిగిలింది. ఆ అడవి తెలిసిన వాళ్ళు కంచెకు బయట మిగిలారు. ఈ రెండూ నిజమే.

బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన వాళ్ళు తేనె, సుగంధిపాల, ముష్టి గింజలు, చిరివేరు సేకరించి సర్కారుకు ఇచ్చేవారు. చిరివేరు చిన్న మొక్క. వేరు పైతొక్కలో ఎర్ర రంగు ఉంటుంది. మచిలీపట్నం, కాళహస్తి కలంకారీ బట్టల ఎరుపు దాని నుంచే వచ్చేది. ఇసుకలో దాన్ని విరగకుండా లాగడం నేర్పున్న పని. 1868లో జర్మనీలో రసాయన శాస్త్రవేత్తలు అదే రంగును ప్రయోగశాలలో తయారు చేశారు. కొన్నేళ్ళలోనే వేరు రంగుల బేరం కూలిపోయింది. ఎక్కడో జరిగిన కనుగోలు ఇక్కడ ఇసుకలో వేరు తవ్వే మనిషి గంజి మీద పడింది. లోకం చిన్నదైపోయిందని ఇప్పుడంటున్నారు కానీ, మనకది 150 ఏళ్ళ కిందటే తెలిసొచ్చింది.

వరి మడిలో మన శాస్త్రం

మడి గట్టు మీద ఎలుక బొరియ చూసి, లోపల ఎలుక ఉందా, పాము దూరిందా, గింజల గది ఏ పక్కన ఉందో చెప్పగలగడం మన పెద్దల విద్య. కుండలో గడ్డి వేసి పొగ ఊది ఎలుకను పట్టేవారు. మందు లేదు, విషం లేదు. ఆ ఎలుకను తినే గుడ్లగూబ చావదు, జెర్రిపోతు చావదు, చెరువు పాడవదు. ఈ పనిని చూసి మనల్ని చిన్నచూపు చూసినవాళ్ళున్నారు. అది చిన్నతనం కాదు, విద్య.

విద్య అని ఎందుకంటున్నామో ఒక ఉదాహరణ. తమిళనాడులో ఇరులర్లు మనకు దగ్గరి వాళ్ళు. 1978లో వాళ్ళు పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. మన దేశంలో పాముకాటు మందుకు కావలసిన విషంలో ఎక్కువ భాగం అక్కడి నుంచే వెళ్ళింది. 2017లో అమెరికాలోని ఫ్లోరిడాలో కొండచిలువలు పెరిగిపోయి అక్కడి జంతువులను మింగేస్తుంటే, ఇరులర్లయిన మాసి సడయన్, వడివేల్ గోపాల్ గార్లను పిలిపించారు. మొదటి రెండు వారాల్లోనే 13 కొండచిలువలను పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ దగ్గర డిగ్రీలు లేవు, నేల మీది ఆనవాళ్ళు చదివే కళ్ళున్నాయి.

ఏం పోతోంది?

పోతున్నవీ చెప్పుకోవాలి. 1990ల్లో మన తీరమంతా రొయ్యల గుంటలు తవ్వారు. తాగునీరు ఉప్పయింది, మేత నేలలు, నడిచే దారులు పోయాయి. 1994 చివర్లో తెల్లమచ్చ తెగులు వచ్చి గుంటలు కూడా దెబ్బతిన్నాయి. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు, పులికాటు, చిల్కా సరస్సులకు 1000 మీటర్ల లోపల రొయ్యల సాగు వద్దని తీర్పిచ్చింది. తర్వాత చట్టాలు మారాయి. 2009 నుంచి అమెరికా ఖండపు పసిఫిక్ తీరం జాతి వనామీ వచ్చింది. గుంటల పని మన వాళ్ళకు కూలి ఇస్తోంది, కాదనలేం. కానీ ఎవరినీ అడగకుండా పట్టుకుని తినే పీత, రొయ్య, చేప తగ్గిపోయి, కొనుక్కుని తినే రోజు వచ్చింది. చిల్లచెట్టు ఇంకొకటి. అమెరికా ఖండం నుంచి తెచ్చిన ఆ ముళ్ళచెట్టు బీళ్ళన్నీ కమ్మేసింది. బొగ్గుకు పనికొస్తుంది, కానీ దాని కింద మన మందు మొక్క మొలవదు.

అన్నిటికంటే తొందరగా పోతున్నది పేర్లు. మొక్క ఇంకా గట్టు మీదే ఉంటుంది. దాని పేరు, వాడకం తెలిసిన అవ్వ వెళ్ళిపోతే ఆ మొక్క ఉత్త కలుపు అయిపోతుంది. కలుపును ఎవరూ కాపాడరు.

చట్టం మన చేతిలో ఏం పెట్టింది?

2011 జనాభా లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో యానాదులు 5 లక్షలకు పైగా ఉన్నారు. వెన్నెలకంటి రాఘవయ్య గారు మన గూడేలన్నీ తిరిగి, నేరస్థ జాతుల చట్టం రద్దు కావాలని పోరాడారు. 1952లో ఆ చట్టం పోయింది. 1962లో ఆయన మన మీద పుస్తకం రాశారు. అప్పుడు మన గురించి వేరేవాళ్ళు రాయవలసి వచ్చింది. ఇప్పుడు మీరు చదువుకున్నారు, మీరే రాయగలరు.

మూడు చట్టాలు తెలుసుకోండి. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఉడుమును, సముద్రపు తాబేలును పట్టడం పెద్ద నేరం. తాతలు తిన్నారు కదా అంటే కేసు ఆగదు. జైలుకెళ్ళేది మన కుర్రాడే. 2006 అటవీ హక్కుల చట్టం అడవిపై ఆధారపడ్డ వాళ్ళకు భూమి హక్కుతో పాటు, చేపల వంటి నీటి వనరుల మీద సామూహిక హక్కును, జీవవైవిధ్యం గురించిన సంప్రదాయ జ్ఞానం మీద హక్కును కూడా గుర్తించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊరి మొక్కలూ జంతువులూ వాటి వాడకం రాసిన ప్రజా రిజిస్టరు ఉండాలి.

ఆ రిజిస్టరు ఎందుకో కేరళ కాణి తెగ కథ చెబుతుంది. 1987లో అడవికి వెళ్ళిన శాస్త్రవేత్తలు, అలసట రాకుండా కాణి మనుషులు నములుతున్న కాయలను గమనించారు. ఆ మొక్క పేరు ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. 1995లో తయారీ హక్కులు 10 లక్షల రూపాయలకు, అమ్మకం మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. అందులో సగం కాణిలకు చేరేలా ఏర్పాటు జరిగింది. తర్వాత ఇబ్బందులు వచ్చినా, తెలివికి వాటా అడగవచ్చని లోకానికి తెలిసింది.

2022 డిసెంబరులో మాంట్రియల్‌లో ప్రపంచ దేశాలు 2030 నాటికి భూమిలో, సముద్రంలో 30 శాతాన్ని కాపాడాలని ఒప్పుకున్నాయి. ఆదివాసుల హక్కులను గౌరవిస్తూ చేయాలని అందులోనే రాసుకున్నారు. రేపు మన తీరంలో ఎక్కడ గీత గీసినా, ఆ గీతకు మనం లోపల ఉండాలా బయట ఉండాలా అన్న ప్రశ్న వస్తుంది. అప్పుడు చూపించడానికి మన చేతిలో కాగితం ఉండాలి.

చేయగలిగిన పనులు

ఈ ఏడాది నాలుగు పనులు పెట్టుకుందాం.

ఒకటి, ప్రతి గూడెంలో ఇద్దరు పిల్లలు ఒక నోటుబుక్కు పెట్టాలి. అవ్వతో, తాతతో నడిచి, మొక్క పేరు, ఎప్పుడు పూస్తుంది, దేనికి వాడతారు అన్నవి వాళ్ళ మాటల్లోనే రాయాలి. ఫోన్లో ఫొటో తీయాలి. మందు తయారీ గుట్టు మాత్రం పెద్దల అనుమతి లేకుండా ఫేసుబుక్కులో పెట్టకండి.

రెండు, పంచాయతీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళి జీవవైవిధ్య కమిటీలో ఎవరున్నారో, రిజిస్టరులో మన పేర్లు, మన మొక్కలు ఉన్నాయో లేదో అడగాలి. లేకపోతే అర్జీ పెట్టి రసీదు తీసుకోవాలి.

మూడు, అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకొకసారి మీ ఊరి చెరువు దగ్గర పక్షులను లెక్కపెట్టి రాసుకోవాలి. ఈబర్డ్ అనే యాప్‌లో ఉచితంగా ఎక్కించవచ్చు. అయిదేళ్ళు రాస్తే ఏది తగ్గిందో చెప్పే ఆధారం మీ దగ్గరే ఉంటుంది.

నాలుగు, పాము కరిస్తే మంత్రం కోసం పరుగెత్తకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పాములు తెలిసిన జాతి కాబట్టి ఈ మాట మన నోటి నుంచి వస్తే ఊరు వింటుంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో కొందరు జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం చదవాలి. అటవీ శాఖలో, మత్స్య శాఖలో ఉద్యోగాలు చేయాలి. పరిశోధకులు వచ్చినప్పుడు దారి చూపించే మనిషిగా మాత్రమే కాకుండా, పరిశోధన చేసే మనిషిగా మనవాడు ఉండాలి. మా తరం మీకు ఇవ్వగలిగింది పేర్లు. వాటిని రాసుకోవడం, హక్కుగా మార్చడం మీ తరం పని.

ఇంకో రెండు నెలల్లో ఈశాన్య వానలు మొదలవుతాయి, నేలపట్టుకు గూడబాతులు వస్తాయి. అవి వచ్చేనాటికి మొదటి నోటుబుక్కు నిండితే ఈ సమావేశం పెట్టుకున్నందుకు ఫలితం దక్కినట్టే.